'తొలి మహిళ' అన్న బిరుదును కాస్త పక్కన పెట్టండి: తెలుగు పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు పత్రికలలో సాహిత్యం, కళల పుటలను దిద్దే సంపాదకులకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ 10న శాన్ ఫ్రాన్సిస్కోలో ట్రీనా రాబిన్స్ 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆవిడ బొమ్మలు గీశారు, కథలు రాశారు, తోటివారి బొమ్మల మీద నిర్మొహమాటంగా విమర్శ చేశారు, అమెరికా కామిక్స్‌లో పనిచేసిన స్త్రీల చరిత్రను పుస్తకం తరువాత పుస్తకంగా తవ్వి తీశారు. ఆ తరువాత కొన్నాళ్లకు ఒక పత్రిక వారు అడిగితే ఆవిడ మీద వ్యాసం రాసి పంపాను. అచ్చయిన సంచిక చేతికి వచ్చాక చూస్తే, నేను పెట్టిన శీర్షిక పోయి దాని స్థానంలో "వండర్ ఉమన్‌ను గీసిన తొలి మహిళ" అని ఉంది. (వండర్ ఉమన్ అంటే అమెరికా కామిక్స్‌లో పేరుమోసిన సాహస నాయిక పాత్ర.) చరిత్ర పుస్తకాల గురించి నేను రాసిన మూడు పేరాలు స్థలం చాలక ఎగిరిపోయాయి. పక్కన వేసిన బొమ్మ ఆవిడ గీసింది కాదు, సినిమా పోస్టరు. దాని కింద ఎవరి పేరూ లేదు. ఫోన్ చేసి అడిగితే, "మన పాఠకుడికి చప్పున తగిలేది అదే కదండీ" అన్నారు, ఎంతో మర్యాదగానే.

ఆ పత్రిక పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. అదే వ్యాసం మీలో ఎవరికి పంపినా ఇంచుమించు అదే జరిగి ఉండేదని నా అనుమానం. ఏదో ఒక రంగంలో పనిచేసిన స్త్రీ గురించి రాయవలసి వచ్చినప్పుడు మన చేయి అలవాటు కొద్దీ "తొలి మహిళ" అన్న మాట మీదికే పోతుంది. అలా రాస్తే గౌరవించినట్టే అనుకుంటాం. ట్రీనా రాబిన్స్ విషయంలో ఆ గౌరవం ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పడానికే ఈ లేఖ. ఎందుకంటే ఆవిడ తన జీవితంలో దాదాపు సగభాగాన్ని ఆ మాటకు సాక్ష్యాలతో జవాబు చెప్పడానికే వెచ్చించారు.

పుట్టింటి పేరు పెర్ల్సన్. 1938 ఆగస్టు 17న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, యూదు వలస కుటుంబంలో పుట్టారు. తల్లి బడిలో ఉపాధ్యాయిని, తండ్రి దర్జీ. ఆ దర్జీ తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్‌లో కథలు రాసేవాడు. కూతురు పుట్టిన సంవత్సరమే ఆ కథలు పుస్తకంగా వచ్చాయి. దాదాపు ఎనభై ఏళ్ల తరువాత, 2017లో, ఆ కూతురు వాటిని అనువాదం చేయించి, ఒక్కో కథకు ఒక్కో చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి కామిక్స్ సంపుటిగా తెచ్చారు. తండ్రి కత్తెర కూడా కూతురికి వచ్చింది. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో రాక్ సంగీతకారులకు దుస్తులు కుట్టి, న్యూయార్క్ తిరిగి వచ్చాక ఈస్ట్ విలేజ్‌లో "బ్రాకొలీ" అనే చిన్న బట్టల దుకాణం నడిపారు. ఈ కుట్టుపని సంగతి మళ్లీ అవసరపడుతుంది, గుర్తుంచుకోండి.

దుకాణం నడుపుతున్న రోజుల్లోనే, 1966లో, "ఈస్ట్ విలేజ్ అదర్" అనే ప్రత్యామ్నాయ పత్రికలో ఆవిడ బొమ్మలు రావడం మొదలైంది. అప్పటికి అమెరికాలో కామిక్ పుస్తకం అంటే 1954లో ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న నియమావళి ముద్ర ఉన్న పుస్తకం. ఆ ముద్ర లేకపోతే పంపిణీదారులు ముట్టుకోరు. ముద్ర కావాలంటే పిల్లలు చదవకూడనిది ఏదీ అందులో ఉండకూడదు. ఆ ముద్రే వద్దనుకున్న అండర్‌గ్రౌండ్ కామిక్స్ ఈ గోడను బద్దలు కొట్టలేదు, పక్కనుంచి నడిచి వెళ్లిపోయాయి. సొంత డబ్బుతోనో, చిన్న ప్రచురణకర్తల సాయంతోనో అచ్చువేసుకుని, పోస్టర్లు, అగరొత్తులు, గంజాయి తాగే సరంజామా అమ్మే హిప్పీ దుకాణాలలో పెట్టుకున్నారు. 1968లో చిత్రకారుడు రాబర్ట్ క్రంబ్ తన "జాప్ కామిక్స్" మొదటి సంచికను శాన్ ఫ్రాన్సిస్కోలోని హైట్ వీధిలో పిల్లలను తిప్పే తోపుడుబండిలో వేసుకుని అమ్మాడన్నది ఈ ఉద్యమానికి స్థలపురాణం వంటిది. సెన్సారు లేదు, యజమాని లేడు, గీసినవాడిదే బొమ్మ. మాటల్లో ఇంతకంటే స్వేచ్ఛగల లోకం మరొకటి ఉండదనిపిస్తుంది.

ట్రీనా ఆ లోకాన్ని నమ్మి 1970 నాటికి శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. చేరాక తెలిసింది, అది మగ స్నేహితుల బృందమని. కొత్త సంకలనం మొదలుపెట్టేటప్పుడు వాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవారు. ఆవిడ ఫోన్ మోగేది కాదు. తలుపు మీద "స్త్రీలకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టి ఉంటే దాని మీద పోరాడవచ్చు. ఎవరూ ఏమీ అనకుండా పిలవడం మానేస్తే ఎవరితో పోరాడాలి? దీనికితోడు, ఆ స్వేచ్ఛ పేరుతో అచ్చవుతున్న బొమ్మలలో స్త్రీలను కొట్టడం, చెరచడం, ముక్కలు చేయడం నవ్వులాటగా వస్తుంటే ఆవిడ పైకే అన్నారు: ఇందులో నవ్వడానికి ఏముంది? క్రంబ్ గీత మీద ఆవిడ ఫిర్యాదు లేదు. ఆ గీతలోని పనితనాన్ని ఎవరూ కాదనలేరు, నేనూ కాదనలేను. ఆవిడ ప్రశ్న ఆ పనితనం ఏ పనికి ఉపయోగపడుతున్నదన్నది. దానికి వచ్చిన జవాబు, "నీకు హాస్యం తెలియదు" అని. విమర్శకు జవాబు చెప్పలేనప్పుడు విమర్శకురాలి స్వభావాన్ని తప్పుపట్టడం మన సాహిత్య సభలలో కూడా చూసినదే గనుక దీన్ని మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆవిడ ఆ విమర్శను మాటల దగ్గరే ఆపేయలేదు. బర్క్‌లీలో 1970 జనవరిలో "ఇట్ ఎయింట్ మీ, బేబ్" అనే స్త్రీ విమోచన పత్రిక మొదలైతే దానిలో చేరి బొమ్మలు వేశారు. అదే సంవత్సరం, బార్బరా మెండిస్‌తో కలిసి, అదే పేరుతో పూర్తిగా స్త్రీలే గీసిన కామిక్ పుస్తకం తెచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలో "లాస్ట్ గ్యాస్ప్" ప్రచురణ సంస్థ నడిపే రాన్ టర్నర్ దాన్ని అచ్చువేశాడు. దాని ముఖచిత్రం ట్రీనాదే. పొపాయ్ ప్రియురాలు ఆలివ్ ఆయిల్, వండర్ ఉమన్, మేరీ మార్వెల్, చిట్టి లులు, అడవిరాణి షీనా, చివరికి పాల కంపెనీ ప్రకటనలోని ఎల్సీ ఆవు కూడా, అందరూ పిడికిళ్లు బిగించి ఒకే వరుసలో నడుస్తుంటారు. వీళ్లందరూ ఒకే బొమ్మలో ఎలా చేరారు? వేరువేరు కంపెనీలు హక్కులు కట్టుకుని, వేరువేరు పుస్తకాలలో, వేరువేరు మగవాళ్ల పక్కన నిలబెట్టిన ఆడపాత్రలు వాళ్లు. వాళ్లను అక్కడి నుంచి పిలుచుకు వచ్చి పక్కపక్కన నడిపించడమే ఆ బొమ్మలోని విమర్శ. ఒక్క మాట కూడా రాయకుండా చేసిన విమర్శ అది. వ్యాసం పక్కన వేయడానికి ఒక బొమ్మ కావలసి వస్తే అదొక్కటి చాలు.

1972లో పదిమంది కలిసి "విమెన్స్ కామిక్స్" మొదలుపెట్టారు. మొదటి సంచికకు ప్యాట్రిషియా మూడియన్ సంపాదకురాలు. ఆ తరువాత సంచికకొకరు చొప్పున ఆ బాధ్యత చేతులు మారింది, అధిపతి అంటూ ఎవరూ లేకుండా. 1992 వరకు 17 సంచికలు వచ్చాయి. 'స్త్రీలు' అనే ఇంగ్లిషు మాట (women)లోని అక్షరాలను కావాలనే మార్చి wimmen అని ఆ పేరు పెట్టుకున్నారు; అయినా అందులో 'పురుషులు' (men) అనే మాట ఇంకా దాగి ఉందని గమనించి చివరి సంచికకు మరో అక్షరం మార్చి wimmin అన్నారు. ఇరవై ఏళ్ల పాటు పత్రిక నడిపి ఆఖరి సంచికలో పేరు దిద్దుకున్న ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం నవ్వు కూడా వస్తుంది.

మొదటి సంచికలో ట్రీనా "శాండీ కమ్స్ అవుట్" అనే కథ గీశారు. తాను స్త్రీలను ప్రేమిస్తానని దాపరికం లేకుండా చెప్పుకునే యువతి నాయికగా అమెరికా కామిక్స్‌లో వచ్చిన మొదటి కథ అదేనని చరిత్రకారులు అంటారు. (ఇక్కడ కూడా "మొదటి" అనక తప్పలేదు, ఆ మాటను పూర్తిగా మానేయమని నేను అడగడం లేదని దీన్నిబట్టి గ్రహించగలరు.) ఆ శాండీ మరెవరో కాదు, క్రంబ్ చెల్లెలు. అయితే ఆ కథ చదివిన మేరీ వింగ్స్ అనే యువతికి ఒళ్లు మండింది. ఆ జీవితం జీవించని స్త్రీ పైపైన చూసి గీసిన కథ ఇదని ఆవిడ అభిప్రాయం. కోపంతో ఊరుకోకుండా 1973లో తన సొంత అనుభవంతో సొంతంగా ఒక కామిక్ గీసి అచ్చువేసుకున్నారు. మగవాళ్లు తన లోకాన్ని పైపైన చూసి గీస్తున్నారని అన్న ట్రీనాకు అదే మాట మరొక స్త్రీ నుంచి తిరిగి వచ్చిందన్నమాట. "తొలి" అన్న ఒక్క మాటతో ముగిస్తే ఈ గొడవ మొత్తం మాయమైపోతుంది. నా దృష్టిలో ఆ కథకు అసలు విలువ ఆ గొడవలోనే ఉంది.

1973 జూన్‌లో మిల్లర్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, ఏది అశ్లీలమో నిర్ణయించేటప్పుడు స్థానిక సమాజపు ప్రమాణాలను లెక్కలోకి తీసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. దానితో ఏ ఊళ్లో ఏ పోలీసు అధికారి వచ్చి పడతాడోనని హిప్పీ దుకాణాల యజమానులు భయపడ్డారు, కామిక్స్ పెట్టుకోవడం తగ్గించారు. అండర్‌గ్రౌండ్ ఉధృతి అక్కడి నుంచి దిగజారింది.

ఇక ఆవిడ విమర్శకురాలి నుంచి చరిత్రకారిణిగా మారిన సంగతి. మీ కత్తెరకు పోయిన మూడు పేరాలు ఇవే గనుక ఇక్కడ కొంచెం తీరికగా చెబుతాను. "ఆడపిల్లలు కామిక్స్ చదవరు, ఆడవాళ్లు కామిక్స్ గీయరు, ఎప్పుడూ గీయలేదు" అన్నది 1970లు, 80లలో ఆ రంగంలోని పెద్దలు తడుముకోకుండా చెప్పే మాట. ట్రీనా 1940లలో చదువుకుంటూ పెరిగిన పిల్ల. ఆ మాట తన చిన్ననాటి జ్ఞాపకంతోనే సరిపడలేదు. 1985లో క్యాథరీన్ ఇరన్‌వుడ్‌తో కలిసి "విమెన్ అండ్ ద కామిక్స్" అనే పుస్తకం తెచ్చారు. 1993లో మరొకటి, 2001లో ఇంకొకటి, 2013లో "ప్రెటీ ఇన్ ఇంక్". ఒకే చరిత్రను నాలుగుసార్లు రాశారని ఎత్తిపొడవవచ్చు. కానీ ప్రతిసారీ పేర్లు పెరిగాయి, పాత లెక్కలు మారాయి. విశ్వవిద్యాలయం జీతం లేదు, పరిశోధన సహాయకులు లేరు. తాను సేకరించి దాచుకున్న పాత పత్రికల పేజీలు, అసలు బొమ్మలు, బతికి ఉన్నవారితో మాటలు, ఇవే ఆధారాలు. నిన్న తాను రాసినదాన్ని నేడు తానే దిద్దుకునే ఈ పద్ధతి చరిత్రకారులందరికీ ఉండదు.

ఆ పుస్తకాలలో ఎవరున్నారో చూడండి. 1896లో "ట్రూత్" అనే హాస్యపత్రికలో గళ్ల బొమ్మల కథ గీసిన రోజ్ ఓనీల్. 1907లో న్యూయార్క్ వచ్చి హర్స్ట్ అనే పత్రికాధిపతి పత్రికలలో గీసిన నెల్ బ్రింక్లీ. ఆవిడ గీసిన ఉంగరాల జుట్టు పిల్లలు ఎంత పేరు పొందారంటే, ఆవిడ పేరుతో జుట్టు వంకీలు తిప్పుకునే సాధనాలు కూడా అమ్మారు. 1915లో ఒహాయోలోని కొలంబస్‌లో ఒక పత్రికకు రాజకీయ కార్టూన్లు గీయడం మొదలుపెట్టిన ఎడ్వినా డమ్. అమెరికా స్త్రీలందరికీ ఓటు హక్కును రాజ్యాంగంలో రాసింది 1920లో. అంటే ఆవిడ తాను ఓటు వేయలేని ఎన్నికల మీద కార్టూన్లు గీశారు. 1937లో "పిట్స్‌బర్గ్ కూరియర్" అనే నల్లజాతి వారపత్రికలో టార్చీ బ్రౌన్ అనే పల్లెపిల్లను న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెమ్‌కు తీసుకువెళ్లిన జాకీ ఆర్మ్స్. 1940లో విలేఖరి బ్రెండా స్టార్‌ను సృష్టించిన డేల్ మెసిక్. అసలు పేరు డాలియా, మగవాడని సంపాదకులు పొరపడతారన్న ఆశతో డేల్ అయింది. 1941 ఏప్రిల్‌లో, అంటే వండర్ ఉమన్ పుట్టడానికి కొన్ని నెలల ముందే, చిరుతపులి తోలు తొడుక్కున్న మిస్ ఫ్యూరీని పత్రికలకు ఎక్కించిన టార్పే మిల్స్. ఆవిడ కూడా జూన్ అన్న తన మొదటి పేరును అదే కారణానికి వదులుకున్నారు.

వీరిలో నా మనసుకు దగ్గరైన మనిషి లిలీ రెనే. వియన్నాలో కలిగిన యూదు కుటుంబంలో పుట్టిన పిల్ల; 1939లో, నాజీల బారి నుంచి పిల్లలను తప్పించే రైళ్లలో ఒంటరిగా ఇంగ్లండు చేరింది; అక్కడి నుంచి న్యూయార్క్ వచ్చి తల్లిదండ్రులను కలుసుకుంది. గీసేవాళ్లు యుద్ధానికి వెళ్లిపోవడంతో "ఫిక్షన్ హౌస్" అనే కామిక్స్ సంస్థ ఆడవాళ్లను తీసుకుంటుంటే అక్కడ పనికి కుదిరింది. ఆ పిల్లకు అప్పగించిన పాత్ర సెన్యోరిటా రియో, నాజీలతో తలపడే గూఢచారిణి. నాజీల నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయి రోజూ బల్ల ముందు కూర్చుని కాగితం మీద నాజీలను ఓడిస్తూ ఉండేదన్నమాట. సంతకం "ఎల్. రెనే" అని పెట్టేది. చదివి మెచ్చుకున్నవారి ఉత్తరాలు "మిస్టర్ రెనే" పేరున వచ్చేవి. యుద్ధం ముగిశాక మగవాళ్లు తిరిగి వచ్చారు, ఆడవాళ్లు మెల్లగా కనుమరుగయ్యారు, లిలీ రెనే కూడా ఆ రంగం వదిలి వెళ్లిపోయారు. దశాబ్దాల తరువాత ట్రీనా ఆవిడను వెతికి పట్టుకుని, మాట్లాడి, 2011లో ఆవిడ జీవితకథను పిల్లల కోసం బొమ్మల పుస్తకంగా రాశారు. అప్పటికి లిలీ రెనేకు తొంభై ఏళ్లు. మిస్టర్ రెనే అనుకున్నవారిలో ఎంతమంది ఆ నాటికి బతికి ఉన్నారో మరి.

కుట్టుపని మాట గుర్తుందనుకుంటాను. ట్రీనా విమర్శలో పదేపదే వచ్చే ఒక గమనిక ఏమిటంటే, స్త్రీలు గీసిన నాయికలు తమ కాలపు బట్టలు కట్టుకుంటారు. మిస్ ఫ్యూరీ ముసుగు తీసి మార్లా డ్రేక్‌గా గదిలో నిలబడినప్పుడు ఆమె గౌను ఎక్కడ కుచ్చిళ్లు పడుతుందో, భుజం దగ్గర ఎలా నిలబడుతుందో చూడండి: 1940లలో ఆ బట్ట కొని కుట్టించుకున్న మనిషే అలా గీయగలదు. బట్టలు కట్టి విప్పే కాగితపు బొమ్మలను కూడా ఈ చిత్రకారిణులు పాఠకులకు అందించేవారు. అవి పాఠకులలో ఆడపిల్లలు ఉన్నారనడానికి కళ్లెదుట ఉన్న సాక్ష్యం. పండితులు ఈ గౌన్లనూ కాగితపు బొమ్మలనూ ఆడవాళ్ల ముచ్చట్లని దాటిపోయారు. దర్జీ కూతురు మాత్రం వాటిని ఆధారాలుగా చదివింది. శిల్పం మీది ఆభరణాన్ని బట్టి కాలం నిర్ణయించే పరిశోధకుడిని మనం పండితుడంటాం. గౌను మీది కుచ్చిళ్లను బట్టి చదివిన ఈవిడను కూడా అలాగే అనడానికి వెనకాడనక్కరలేదు.

ఈ గౌన్ల సంగతి ఆవిడ స్వానుభవం కూడా. 1969లో "వాంపిరెల్లా" అనే రక్తపిశాచి నాయిక పాత్రకు దుస్తులు రూపొందించింది ట్రీనాయే. తరువాతి చిత్రకారులు ఆ దుస్తులను అంగుళం అంగుళంగా తగ్గించుకుంటూ పోయాక ఆవిడ ఆ పాత్రకు దూరం జరిగారు.

మళ్లీ శీర్షిక దగ్గరికి వస్తాను. 1986లో వండర్ ఉమన్ కామిక్స్ ప్రచురించే డీసీ కంపెనీ ట్రీనా చేత "ద లెజెండ్ ఆఫ్ వండర్ ఉమన్" అని నాలుగు సంచికలు గీయించిన మాట నిజం. కర్ట్ బ్యూసిక్‌తో కలిసి కథ కట్టారు. పాత వరుస ఆగిపోయి కొత్త వరుస మొదలుకావడానికి మధ్య దొరికిన ఖాళీలో వచ్చిన సంచికలవి. ఆవిడ అందులో కొత్తదనం కోసం పాకులాడకుండా, 1940లలో ఆ పాత్రకు రూపం ఇచ్చిన హెచ్.జి. పీటర్ గీతనే అనుసరించారు, చిన్నప్పుడు తాను చదివి ప్రేమించిన వండర్ ఉమన్ ఆవిడే గనుక. మంచి పనే. కానీ ఆవిడ అరవై ఏళ్ల వృత్తిలో అది నాలుగు నెలల ముచ్చట. పైగా ఆ నాలుగు సంచికలకు నలభై ఏళ్ల ముందే జాయ్ హమ్మెల్ అనే యువతి వండర్ ఉమన్ కథలు ఎన్నో రాసింది. అవన్నీ చార్ల్స్ మౌల్టన్ అనే కలంపేరుతోనే అచ్చయ్యాయి. గీసినవారిలో ట్రీనాను "తొలి మహిళ" అన్నంతలో, రాసిన జాయ్ హమ్మెల్ మన తలపుకే రాకుండా పోతారు. ఆ మాట వెలుగు ఒకరి మీద వేస్తే వెనకున్నవారు చీకట్లోకి జరుగుతారు. ట్రీనా చేసిన పని మొత్తం ఆ చీకట్లో వెతకడమే.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2016లో ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్ కామిక్స్ ఉత్సవం, జీవితకాల కృషికి ఇచ్చే తన పెద్ద బహుమతికి 30 మంది పేర్లు ప్రకటించింది. ముప్ఫై మందీ మగవాళ్లే. గొడవ జరిగితే నిర్వాహకులు మొదట ఇచ్చుకున్న సమాధానం, కామిక్స్ చరిత్రలో స్త్రీలు తక్కువ, చరిత్రను మేమెలా మారుస్తామని. జాబితాలోని కొందరు చిత్రకారులు తమ పేర్లు తామే తొలగించుకున్నాక ఆ జాబితా రద్దయింది. అప్పటికి "ప్రెటీ ఇన్ ఇంక్" అచ్చయి మూడేళ్లు. పుస్తకం బీరువాలో ఉంది, పేర్లు పుస్తకంలో ఉన్నాయి, చదవవలసిన వాళ్లే చదవలేదు.

ట్రీనాను నెత్తిన పెట్టుకోమని నేను అడగడం లేదు. ఆవిడ రుచికి హద్దులున్నాయి. నాజూకైన గీత, అందమైన బట్టలు, ధైర్యంగల నాయిక అంటే ఆవిడకు ప్రాణం. తన ముక్కును, మొటిమలను, సిగ్గుమాలిన కోరికలను మోటు గీతతో ఉన్నదున్నట్టు గీసుకున్న అలీన్ కొమిన్‌స్కీ వంటి చిత్రకారిణిని అదే ప్రేమతో ఆదరించలేకపోయారు. క్రంబ్‌తో కలిసి ఉన్నందుకూ, తన పాత్రను ఆదర్శనారిగా గీయనందుకూ ఆ బృందంలో తనను దూరంగా పెట్టారని అలీన్ తరువాత చెప్పుకున్నారు. 1976లో డయాన్ నూమిన్‌తో కలిసి "ట్విస్టెడ్ సిస్టర్స్" అని వేరు కుంపటి పెట్టారు. ఇవాళ స్త్రీల ఆత్మకథాత్మక కామిక్స్‌కు మూలం వెతికేవారు ముందుగా అలీన్ దగ్గరికే వెళుతున్నారు. పిలుపు రాని బాధ తెలిసిన మనిషి బృందంలోనే మరొకరికి ఆ బాధ కలిగిందంటే, దాన్ని కూడా రాయాలి. తప్పులతో సహా రాయదగినంత పెద్ద మనిషి ఆవిడ.

ఇక మన ఇంటి సంగతి ఒక్కటి. విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి 2015లో మరణించారు. నేను చదివిన వ్యాసాలలో చాలావరకు "తొలి తెలుగు మహిళా కార్టూనిస్టు" అన్న మాటతో మొదలై, పోలియోను జయించిన ఆవిడ ఆత్మస్థైర్యం దగ్గర ముగిశాయి. ఆవిడ ముఖాలను ఎలా గీశారు, సంభాషణను ఎంత పొదుపుగా రాశారు, ఆవిడ గృహిణి పాత్రలు ఎవరిని చూసి నవ్వాయి అన్న ప్రశ్నలు ఆ వ్యాసాలలో నాకు అరుదుగా కనిపించాయి. ఆవిడకు ముందు "గృహలక్ష్మి", "ఆంధ్రమహిళ" వంటి పత్రికలలో బొమ్మల మూలన ఉన్న సంతకాలను కూర్చుని రాసుకున్నవారు ఎవరైనా ఉన్నారా? ఆ పాత సంచికలు గ్రంథాలయాలలో పొడి అయిపోకముందే ఆ పని ఎవరో ఒకరు చేయాలి. దానికి మీ పుటలలో నెలకు ఒక అరపేజీ ఇవ్వండి. "తొలి" అని రాయవలసి వచ్చినప్పుడు ఎవరి లెక్క ప్రకారమో ఆ వాక్యంలోనే చెప్పండి. చెప్పలేకపోతే ఆ మాట తీసివేసి, ఆ మనిషి చేసిన ఒక పనిని దాని స్థానంలో పెట్టండి. శీర్షికకు అది చాలా పొడవు అవుతుందని నాకు తెలుసు. మీ చేతిలోని కత్తెర మీద నాకు నమ్మకముంది.

తీసేసిన మూడు పేరాలను ఈ లేఖలోనే ఇమిడ్చాను గనుక ఏ పత్రిక వారైనా స్వేచ్ఛగా వేసుకోవచ్చు, పారితోషికం అక్కరలేదు. బొమ్మ వేయదలిస్తే హక్కుదారుల అనుమతి తీసుకుని 1970 నాటి "ఇట్ ఎయింట్ మీ, బేబ్" ముఖచిత్రం వేయండి. దాని కింద వేయవలసిన వాక్యం కూడా ఇస్తున్నాను: "చిత్రం: ట్రీనా రాబిన్స్."

భవదీయురాలు,
మీ పుటలకు అప్పుడప్పుడు రాసే ఒక పాఠకురాలు